పరిశోధనలో తేలిన సంగతికి కాపీరైట్ ఉంటుందా? నా అనుభవం

పీహెచ్‌డీ అయిపోయాక నా పరిశోధనను తెలుగులో పుస్తకంగా తేవాలనుకున్నాను. వరంగల్, జనగామ వైపు చెరువుల మీద, ముఖ్యంగా తూము దగ్గర ఉండి పొలాలకు నీళ్లు పంచే నీరటి వాళ్ల మీద చేసిన పని అది. దాని మీద ఇంగ్లిష్‌లో పేపర్లు వచ్చాయి. కానీ నేను తిరిగిన ఊళ్లలో ఆ జర్నల్ ఎవరు చదువుతారు? చదువుదామన్నా డబ్బు కడితే గానీ తెరుచుకోదు. ఎవరి బతుకు గురించి రాశానో వాళ్ల చేతికి అందకపోతే ఆ పని సగంలోనే ఆగినట్టు అనిపించేది.

హైదరాబాద్‌లో ఒక చిన్న ప్రచురణకర్త పుస్తకం వేయడానికి ఒప్పుకున్నారు. పెద్దాయన, చాలా ఏళ్లుగా ఈ రంగంలో ఉన్నవారు. అన్నీ మాట్లాడుకున్నాక ఒక్కటే అడిగారు. "అమ్మా, ఇదంతా ఇదివరకే పేపర్లుగా అచ్చయింది కదా. కాపీరైట్ మీ దగ్గరుందా, వాళ్ల దగ్గరుందా? అది తేల్చుకుని రండి. రేపు నోటీసు వస్తే నేను తట్టుకోలేను."

ఎండలో కట్టల వెంట తిరిగింది నేను, ముసలివాళ్ల పక్కన కూర్చుని నోట్సు రాసుకుంది నేను, రాత్రుళ్లు ఆ నోట్సు ముందేసుకుని లెక్క తేల్చింది నేను. ఇది నాది కాకుండా ఎవరిదవుతుంది? అయినా ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. పాత ఈమెయిళ్లలో వెతికి, పేపర్ అచ్చుకు ముందు సంతకం పెట్టిన ఒప్పందం బయటికి తీశాను.

పరిశోధకులందరికీ ఈ ఘట్టం తెలిసే ఉంటుంది. పేపర్ ఓకే అయిందని మెయిల్ వస్తుంది, దాని కింద ఒక లింక్ ఉంటుంది, అందులో ఒక ఫారం ఉంటుంది. ఎవరైనా డబ్బు కట్టకుండా చదివేలా ఓపెన్ యాక్సెస్‌లో వేయాలంటే రచయితే రుసుం కట్టాలి, అది స్కాలర్‌షిప్ మీద బతికే వాళ్లకు అందేది కాదు. మిగిలింది కాపీరైట్ బదిలీ ఒప్పందం. నా ఒప్పందంలో ఉన్నదేమిటంటే: ఈ వ్యాసం మీద కాపీరైట్‌ను, దాని పూర్తి కాలానికి, ప్రపంచమంతటికీ, ఏ భాషలోకైనా అనువదించే హక్కుతో సహా జర్నల్ ప్రచురణ సంస్థకు బదిలీ చేస్తున్నాను. అనువాదం అన్న మాట దగ్గర నా గుండె జారింది. నేను చేయబోయేది తెలుగు పుస్తకమే కదా.

మా గైడ్ సార్‌కు ఫోన్ చేశాను. పేపర్లలో ఆయన సహ రచయిత. "ముందు లాయర్‌ని అడుగమ్మా, నాకూ తెలిసింది తక్కువే" అన్నారు. సార్ స్నేహితుడి ద్వారా మేధో సంపత్తి కేసులు చూసే ఒక లాయర్ మేడమ్ దగ్గరికి వెళ్లాను.

మేడమ్ నా పేపర్ మొత్తం చదివే వచ్చారు. నాకు అదే సంతోషం. ఒక తెల్ల కాగితం తీసుకుని మధ్యలో నిలువుగా గీత గీశారు. ఆ తర్వాత నా పేపర్లోంచి ఒక వాక్యం పైకి చదివారు. బోరు వేసుకున్న రైతు అన్నిటికంటే ముందు ఆపేసేది నీరటికి ఇచ్చే మేర అని చెప్పే వాక్యం. మేర అంటే పంట కళ్లంలో ఉండగానే నీరటికి కొలిచి ఇచ్చే వాటా గింజలు.

"ఈ వాక్యం ఇప్పుడు ప్రచురణ సంస్థది" అని గీతకు ఎడమ పక్క రాశారు. "ఈ వాక్యం చెబుతున్న సంగతి వాళ్లది కాదు." కుడి పక్క రాశారు. నేను ఊపిరి పీల్చుకునేలోపే, "మీదీ కాదు" అన్నారు.

ఆ రెండో మాట నాకు చాలా రోజులు మింగుడుపడలేదు. దాని గురించే ఈ వ్యాసంలో ఎక్కువగా చెప్పాలనుకుంటున్నాను.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో సెక్షన్ 13 ఏయే వాటికి కాపీరైట్ ఉంటుందో చెబుతుంది: సొంతంగా సృష్టించిన సాహిత్య, నాటక, సంగీత, కళా రచనలు, సినిమాలు, సౌండ్ రికార్డింగులు. పరిశోధన వ్యాసం సాహిత్య రచన కిందికి వస్తుంది. పటాలు, బొమ్మలు, గ్రాఫులు కళా రచనల కిందికి వస్తాయి. పట్టికలు, సమాచార సంకలనాలు కూడా సాహిత్య రచనే అని నిర్వచనంలో ఉంది. ఇదంతా రాసిన దానికి, గీసిన దానికి. రాతలో ఉన్న ఆలోచనకు, ఆధారాలతో తేల్చిన నిజానికి ఆ జాబితాలో చోటు లేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ దేశాలన్నీ మేధో సంపత్తి మీద ఒప్పుకున్న ట్రిప్స్ ఒప్పందం 9వ అధికరణం రెండో క్లాజులో ఇదే మాట నేరుగా ఉంది: రక్షణ వ్యక్తీకరణకే గానీ ఆలోచనలకు, పద్ధతులకు, గణిత సూత్రాలకు కాదు.

మేడమ్ చెప్పిన కేసుల్లో రెండు నా మనసులో నిలిచిపోయాయి. మొదటిది మన సుప్రీంకోర్టు 1978లో తేల్చిన ఆర్.జి. ఆనంద్ కేసు. ప్రాంతీయ దురభిమానం మీద ఆయన ఒక నాటకం రాశారు, 1954లో ఢిల్లీలో అది ఆడింది. 1956లో అదే అంశం మీద ఒక హిందీ సినిమా వచ్చింది. ఆ సినిమా తీసినాయన అంతకుముందు ఆనంద్ గారి నోట ఆ నాటకం విన్నవాడే. అయినా ఆనంద్ గారు ఓడిపోయారు. ఆలోచన, ఇతివృత్తం, చారిత్రక వాస్తవాల మీద ఎవరికీ కాపీరైట్ ఉండదని, ఒకే అంశాన్ని వేరే విధంగా మలిస్తే అది ఉల్లంఘన కాదని కోర్టు చెప్పింది.

రెండోది అమెరికా కేసు, పరిశోధకులకు ఇంకా దగ్గరిది. 1937లో హిండెన్‌బర్గ్ అనే జర్మన్ ఎయిర్‌షిప్ న్యూజెర్సీలో దిగబోతూ కాలిపోయింది. ఎందుకు కాలిపోయిందన్న దాని మీద ఒకాయన శోధించి, బతికినవాళ్లను కలిసి, సిబ్బందిలోనే ఒకడు చేసిన విద్రోహం అని వాదిస్తూ 1962లో పుస్తకం తెచ్చాడు. తర్వాత ఇంకొకరు అదే వాదం మీద పుస్తకం రాశారు, దాని ఆధారంగా 1975లో సినిమా వచ్చింది. మొదటాయన దావా వేశాడు. 1980లో న్యూయార్క్‌లోని అప్పీలు కోర్టు ఆయన దావా చెల్లదంది. చరిత్ర మీద పరిశోధన చేసి తేల్చిన వివరణ అందరి సొత్తు, తర్వాత వచ్చేవాళ్లు దాని మీద కట్టుకోవచ్చు అని దాని సారం. ఈ కేసు వింటున్నప్పుడు నా మనసంతా ఆ మొదటి రచయిత వైపే ఉంది. అంత కష్టపడ్డవాడికి ఏమీ మిగల్లేదా అనిపించింది.

"మరి కష్టానికి విలువ లేదా మేడమ్?" అని అడిగాను.

"కష్టానికి విలువ ఉంది. కానీ కష్టం ఒక్కటే ఉంటే కాపీరైట్ రాదు" అన్నారు. ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో మన సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పిందట. ఆ కంపెనీ కోర్టు తీర్పులను సేకరించి, సరిచేసి అచ్చేస్తుంది. వాటిని వేరే సంస్థలు సీడీల్లో పెట్టి అమ్మాయి. తీర్పు పాఠం మీద ఎవరికీ హక్కు లేదు, దాన్ని సేకరించడానికి పడ్డ శ్రమ, పెట్టిన ఖర్చు మాత్రమే చాలవు, నైపుణ్యంతో పాటు కొంతైనా సొంత సృజన కనిపించాలి అని కోర్టు అంది. అందుకే వాళ్లు సొంతంగా చేసిన పేరాల విభజన, ఏ న్యాయమూర్తి ఏకీభవించారో ఏ న్యాయమూర్తి విభేదించారో చూపించిన సూచనలు వంటి వాటికి రక్షణ దొరికింది. తీర్పుల అసలు పాఠానికి దొరకలేదు.

దీన్ని నా పట్టికలకు అన్వయించి చూసుకున్నాం. చెరువు పేరు, ఆయకట్టు ఎంత, తూములెన్ని, నీరటి కుటుంబం ఇంకా పనిలో ఉందా లేదా. ఈ వివరాలు నిజాలు, వాటిని ఎవరైనా వాడుకోవచ్చు, నేనూ వాడుకోవచ్చు. కానీ పేపర్లో అచ్చయిన పట్టికను ఉన్నదున్నట్టు ఎత్తి తెలుగు అక్షరాల్లో పెట్టడం మంచిది కాదన్నారు. అదే వివరాలను పుస్తకానికి పనికొచ్చేలా వేరుగా అమర్చుకోవాలి. పటం సంగతీ అంతే. చెరువులు ఎక్కడున్నాయన్నది ఎవరి సొత్తూ కాదు. రంగులు, గుర్తులు, అమరికతో నేను గీసిన ఆ ఫలానా పటం బదిలీ అయిపోయింది.

ఇలా గీతకు రెండు పక్కలా రాస్తూ పోతుంటే నాకు మెల్లగా ఒక సంగతి తట్టింది. నేను తేల్చిన విషయం మీద నాకు కాపీరైట్ లేదు. లేని దాన్ని నేను ఎవరికీ రాసివ్వలేను. అందుకే ఆ ఒప్పందంలో ఎంత గట్టి మాటలున్నా, నేను కనుక్కున్నది ప్రచురణ సంస్థ చేతికి పోలేదు. దాన్ని తెలుగులో, నా మాటల్లో, ఎన్నిసార్లయినా చెప్పుకోవచ్చు. చట్టం నాకు ఇవ్వలేదని బాధపడ్డ ఆ చోటే నా పుస్తకానికి దారి అయింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. మన చట్టం సెక్షన్ 57 ప్రకారం, కాపీరైట్ బదిలీ చేసినా ఇది నా రచన అని చెప్పుకునే హక్కు, దాన్ని నా పేరు చెడేలా వికృతం చేస్తే అడ్డుకునే హక్కు రచయితకే ఉంటాయి. బదిలీ పత్రాల విషయంలో మన చట్టం రచయితను కొంత కాచుకుంటుంది కూడా. బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. నా ఒప్పందంలో రెండూ స్పష్టంగా రాసి ఉన్నాయి కాబట్టి ఆ వెసులుబాటు నాకు పనికిరాలేదు. ఇప్పుడు పేపర్లు వేస్తున్న వాళ్లు చూసుకోవాల్సిన విషయమే.

థీసిస్ గురించి కూడా అడిగాను. ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు అని సెక్షన్ 17 అంటుంది. ఫెలోషిప్ తీసుకునే విద్యార్థి ఆ అర్థంలో ఉద్యోగి కాడు. మా యూనివర్సిటీ నిబంధనల్లోనూ థీసిస్ హక్కు విద్యార్థిదే అని ఉంది. ఒక్కో చోట ఒక్కోలా రాసుకుంటారు, ఎవరిది వాళ్లు చూసుకోవాలి. నాకు మాత్రం ఇది పెద్ద ఊరట. పేపర్లలోకి పోని అధ్యాయాలు థీసిస్‌లో చాలా ఉన్నాయి, అవన్నీ నావే.

అనుమతుల పని మొదలుపెట్టాను. ప్రచురణ సంస్థ వెబ్‌సైట్లో వ్యాసం పక్కనే అనుమతి కోసం ఒక బటన్ ఉంటుంది. నొక్కితే అది వరసగా అడుగుతుంది: వ్యాసం మొత్తం కావాలా, ఒక బొమ్మ మాత్రమే కావాలా? మీరు ఈ వ్యాస రచయితేనా? ఎందులో వాడతారు? ఎన్ని కాపీలు వేస్తారు? అనువాదం చేస్తారా? నేను రెండు విధాలుగా అడిగి చూశాను. వ్యాసం మొత్తం తెలుగులోకి అనువదించి వేయాలంటే వాళ్లు చెప్పిన రుసుం మా ప్రచురణకర్త భరించగలిగేది కాదు. ఒక పటం మాత్రం, రచయితనే కాబట్టి, డబ్బు లేకుండా వాడుకోవచ్చని, దాని కింద వాళ్లు చెప్పిన వాక్యం తప్పకుండా వేయాలని వచ్చింది. ఆ అనుమతి పత్రం ప్రింట్ తీసి ప్రచురణకర్తకు ఇచ్చాను. మిగతా పటాలు నా జీపీఎస్ పాయింట్లు పెట్టి క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా గీసుకున్నాను. నిజం చెప్పాలంటే కొత్తవే బాగున్నాయి. జర్నల్ పటంలో చెరువులన్నీ చిన్న నీలి చుక్కలు. తెలుగు పుస్తకానికి గీసిన దాంట్లో కట్ట ఎటుంది, మత్తడి ఎటు దూకుతుంది, తూము కాలువ ఏ పొలాల మీదుగా పోతుంది అన్నీ పెట్టాను. ఆ ఊరి మనిషి చూస్తే తన పొలం పోల్చుకోగలడు.

రాయడం మొదలుపెట్టినప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. ఇంగ్లిష్ పేపర్ పక్కన పెట్టుకుని రాయకూడదు. పెట్టుకుంటే చేతికి అనువాదమే వస్తుంది, వాక్యం వెంట వాక్యం అదే వరసలో వస్తుంది. అందుకని ఫీల్డ్ నోట్సు, రికార్డింగులు మాత్రమే ముందేసుకుని రాశాను. లాయర్ మేడమ్ సలహా వల్ల మొదలుపెట్టిన ఈ పద్ధతి పుస్తకాన్నే మార్చేసింది. పేపర్లో "స్థానిక జల నిర్వహణ వ్యవస్థ క్షీణత" అని ఒక్క ముక్కలో తేల్చేసిన చోట, పుస్తకంలో ఒక నీరటి తాత మాటలే వచ్చాయి. "బోర్లు పడ్డంక తూము కాడికి ఎవలస్తరు బిడ్డా? ఇచ్చే మేర ఇయ్యకపాయె. నేను కూలికి పోతి. నేను పోయినంక తూములకు చెట్లు మొలిచె." నేను తేల్చిన వరస అంతా ఈ మాటల్లోనే ఉంది. ముందు మేర ఆగింది, తర్వాత మనిషి పోయాడు, ఆ తర్వాతే తూము పాడైంది. నేను వెళ్లిన ఊళ్లలో మళ్లీ మళ్లీ కనిపించింది ఈ వరసే. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలై 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలనుకున్నప్పుడు పూడిక మీద చాలా మాట్లాడుకున్నాం. తూము తీసే మనిషి గురించి కూడా మాట్లాడాలన్నది నా వాదన.

ఆ తాత మాటలు పుస్తకంలో వేయడానికి ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లి, రాసింది చదివి వినిపించి, సరేనన్నాకే వేశాను. నేను కనుక్కున్నది నాది అని కొట్లాడే ముందు, ఇది నాకు ఎవరు చెప్పారన్నది కూడా గుర్తుంచుకోవాలని నా నమ్మకం. ఆయన దాన్ని ఏ ఒప్పందం లేకుండా, చాయ్ తాగిస్తూ చెప్పాడు.

పుస్తకం సగంలో ఉండగా ఒక జూనియర్ స్కాలర్ మెసేజ్ పెట్టింది: "అక్కా, ఇది చూశారా?" వేరే రాష్ట్రంలోని ఇద్దరు పరిశోధకుల పేపర్. చెరువులు వేరు, ఊళ్లు వేరు. వాదన నాదే. మేర ముందు ఆగడం, మనిషి వెళ్లిపోవడం, తర్వాత తూము పాడవడం, అన్నీ అదే వరసలో ఉన్నాయి. పట్టికలో నిలువు వరసల శీర్షికలు కూడా నావే, అదే క్రమంలో. నా థీసిస్ శోధ్‌గంగలో, అంటే దేశంలోని థీసిస్‌లను అందరికీ కనిపించేలా ఆన్‌లైన్‌లో పెట్టే చోట, ఉంది, పేపర్ వాళ్ల దానికంటే ముందే వచ్చింది. వాళ్ల రెఫరెన్సుల్లో నా పేరు ఎక్కడా లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒళ్లంతా మంటగా ఉంది, టెన్షన్‌తో చేతులు వణికాయి.

మరునాడే లాయర్ మేడమ్‌కు ఫోన్ చేశాను. రెండు పేపర్లూ చదివాక ఆమె చెప్పింది విని ఇంకా నీరసం వచ్చింది. వాక్యాలు ఎత్తలేదు. పటం ఎత్తలేదు. ఎత్తింది వాదన, కనుక్కున్న సంగతి. అది కాపీరైట్ ఉల్లంఘన కాదు. పట్టిక శీర్షికలు కేసుకు నిలబడేంత బలమైనవి కావు. పైగా పేపర్ కాపీరైట్ బదిలీ అయింది కాబట్టి ఉల్లంఘన కేసంటూ ఉంటే వేయాల్సింది ప్రచురణ సంస్థ. "మీరు పుస్తకం ఏ నియమం మీద రాస్తున్నారో, వాళ్లకూ అదే నియమం వర్తిస్తుంది కదమ్మా" అన్నారు. కాదనలేకపోయాను.

ఆ తర్వాత ఆమె అన్న మాట దారి చూపింది. "ఇది కోర్టులో కాదు, మీ విద్యారంగంలో తేల్చుకోవాల్సిన విషయం. అక్కడి నియమాలు వేరు."

నిజంగానే వేరు. యూజీసీ 2018లో తెచ్చిన విద్యా నిజాయితీ, ప్లేజియరిజం నివారణ నిబంధనలు తీసి చదివాను. అక్కడ ప్లేజియరిజం అంటే ఇతరుల పనిని గానీ ఆలోచనను గానీ తీసుకుని తమదిగా చూపించడం. ఆలోచన అన్న మాట అక్కడ నేరుగా ఉంది! కాపీరైట్ చట్టం ఎక్కడ ఆగిపోతుందో ఆ నిబంధనలు అక్కడి నుంచి మొదలవుతాయి. ఏవేవి సొంతంగా ఉండాలో వాళ్లు పేర్లతో సహా చెప్పారు: సారాంశం, పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, ముగింపులు, సిఫార్సులు. ఇవి సొంత ఆలోచన మీద నిలబడాలి. ప్రతి సంస్థలోనూ విభాగం స్థాయిలో, సంస్థ స్థాయిలో ఫిర్యాదులు చూసే ప్యానెళ్లు ఉండాలని కూడా ఉంది.

చిక్కల్లా కొలిచే దగ్గర వస్తుంది. పది శాతం దాకా పర్వాలేదు, పది నుంచి నలభై దాకా ఒక స్థాయి, నలభై నుంచి అరవై దాకా ఇంకొకటి, ఆపైన ఇంకొకటి అని శిక్షలున్నాయి. ఆ శాతాలు చూసే సాఫ్ట్‌వేర్ మాటల పోలికను పడుతుంది. మాటలు మార్చి వాదన మొత్తం ఎత్తుకుపోతే దాని కంట్లో పడదు. మా జూనియర్ ఆ రెండు పేపర్లను పోల్చి చూస్తే వచ్చిన శాతం చాలా తక్కువ. ఇప్పుడు యూనివర్సిటీల్లో శాతం తక్కువొస్తే చాలు, అంతా సరిగ్గా ఉన్నట్టే అనుకుంటున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. పిల్లలు వాక్యాలు ఎలా తిప్పి రాయాలో నేర్చుకుంటున్నారు, ఎవరి ఆలోచనకు ఎవరి పేరు చెప్పాలో నేర్చుకోవట్లేదు.

ముందు వాళ్ల పేపర్ వేసిన జర్నల్ ఎడిటర్‌కే రాద్దామని సార్ అన్నారు. ఆ జర్నల్ కోప్ సభ్యత్వం ఉన్నదని దాని పేజీలోనే రాసి ఉంది. కోప్ అంటే ప్రచురణ నైతికత కోసం 1997లో బ్రిటన్‌లో మొదలైన సంస్థ. అచ్చయిన వ్యాసంలో ప్లేజియరిజం ఉందని ఫిర్యాదు వస్తే ఎడిటర్ ఏ వరసలో అడుగులు వేయాలో వాళ్లు చార్టులు తయారుచేసి పెట్టారు. నేను రాసిన ఉత్తరంలో "దొంగతనం" అన్న మాట వాడలేదు. మొదటి డ్రాఫ్టులో ఉంటే సార్ కొట్టేశారు. ఎడమ పక్క నా పేపర్లోని వాదన ఒక్కో మెట్టు, పేజీ నంబరుతో. కుడి పక్క వాళ్ల పేపర్లో అదే మెట్టు, పేజీ నంబరుతో. కింద రెండు పట్టికల శీర్షికలు పక్కపక్కన. ఆ కింద తేదీలు: థీసిస్ సమర్పించిన తేదీ, శోధ్‌గంగలో పెట్టిన తేదీ, పేపర్ అచ్చయిన తేదీ, వాళ్ల పేపర్ జర్నల్‌కు అందిన తేదీ. చివర నేను అడిగింది ఒక్కటే, నా పనిని ప్రస్తావించమని. వ్యాసాన్ని వెనక్కి తీసుకోమని అడగలేదు, ఎందుకంటే వాళ్ల ఊళ్ల వివరాలు వాళ్లు తిరిగి తెచ్చుకున్నవే. ఆ సమాచారం అందరికీ పనికొచ్చేదే.

జవాబు రావడానికి నెలలు పట్టింది. మధ్యలో ఎడిటర్ నుంచి వచ్చినవి రెండు ముక్కల మెయిళ్లే. చివరికి వాళ్ల వివరణ నాకు పంపారు. తాము స్వతంత్రంగానే ఈ నిర్ణయానికి వచ్చామని వాళ్లు మొదట రాశారు. అలా జరగదని నేను అనను. ఇద్దరు మనుషులు రెండు చోట్ల ఒకే నిజాన్ని చూడొచ్చు, నిజం ఒక్కటే అయితే చూడాలి కూడా. కానీ ఆ పట్టిక శీర్షికల గురించి ఎడిటర్ అడిగితే దానికి సరైన సమాధానం రాలేదట. ఆ తర్వాత జర్నల్ ఒక సవరణ ప్రకటన వేసింది. ఈ వాదనను ఇంతకుముందే ఫలానా థీసిస్, ఫలానా పేపర్ ప్రతిపాదించాయని, దాన్ని తమ ప్రాంతంలో పరీక్షించామని వ్యాసంలో వాక్యం చేర్చారు, రెఫరెన్సుల్లో నా పేరు వచ్చింది.

ఇప్పుడు ఆ పేపర్‌ను నేనే నా పుస్తకంలో ప్రస్తావించాను. వేరే రాష్ట్రంలోనూ ఇలాగే కనిపించిందని చెప్పడానికి నాకు అంతకంటే మంచి ఆధారం లేదు. కనుక్కున్న దాని మీద నాకు కాపీరైట్ ఉండి ఉంటే, అది నా జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు నా దగ్గరే ఉండేది. ఇంకో చోట పరీక్షించాలంటే నన్ను అడగాలి, నా తర్వాత నా వారసులను అడగాలి. అప్పుడు నా మాట తప్పో ఒప్పో తేల్చేవాళ్లెవరు? అంతకుముందు చెరువుల మీద పనిచేసిన వాళ్లంతా తాము తేల్చింది అలా పట్టుకుని కూర్చుంటే నేను మొదలైనా పెట్టగలిగేదాన్నా? లాయర్ మేడమ్ గీసిన గీత ఎందుకు అక్కడే ఉండాలో ఇప్పుడు నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అలాగే, పేరు చెప్పకుండా వాడుకోవడం తప్పే అని కూడా అంతే గట్టిగా అంటాను. ఈ రెండింటికీ పొత్తు ఉంది. సంగతి అందరిదీ కావాలంటే, తెచ్చిన మనిషి పేరు నిలవాలి. ఆ నమ్మకం లేకపోతే రేపు ఎవరూ తాము తేల్చింది త్వరగా బయటపెట్టరు.

ఇక్కడ సహ రచయితల మాట కూడా ఒకటి చెప్పాలి. బోర్లు ఎక్కువున్న ఊళ్లను, లేని ఊళ్లను జతలుగా పోల్చమని మొదట అన్నది మా సార్. కాపీరైట్ లెక్కలో ఆలోచన ఇచ్చినంత మాత్రాన రచయిత కారు, రాయాలి. పేపర్లలో ఆయన నిజంగా రాశారు కాబట్టి పేరుంది. తెలుగు పుస్తకంలో ఒక్క వాక్యం ఆయన రాయలేదు, పేరు వేయవద్దని ఆయనే అన్నారు. ముందుమాటలో ఆ ఆలోచన ఆయనదని స్పష్టంగా రాశాను.

పుస్తకం రిజిస్ట్రేషన్ గురించి ప్రచురణకర్త అడిగారు. మన దేశంలో రాయగానే కాపీరైట్ వచ్చేస్తుంది, రిజిస్టర్ చేయడం తప్పనిసరి కాదు. వివాదం వస్తే కోర్టులో తొలి సాక్ష్యంగా పనికొస్తుందని చేయిస్తారు. ఆన్‌లైన్‌లో ఫారం 14 నింపి, సాహిత్య రచనకు 500 రూపాయలు కట్టాను. డైరీ నంబరు వచ్చింది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పడానికి 30 రోజులు ఆగుతారు, ఆ తర్వాత పరిశీలనకు తీసుకుంటారు. నాది ఇంకా పరిశీలనలోనే ఉంది. ఫారంలో రచన వివరం రాసే చోట నేను పాఠం, పటాలు అని మాత్రమే రాశాను. పుస్తకం రెండో పేజీలో, హక్కులు రచయితవి అన్న వాక్యం కింద, ఇంకో వాక్యం చేర్చమన్నాను: ఇందులో తేలిన విషయాలను ఎవరైనా వాడుకోవచ్చు, పరీక్షించవచ్చు, పుస్తకం పేరు చెప్పండి, వాక్యాలు, పటాలు తీసుకోవాలంటే రచయితను అడగండి. ప్రచురణకర్త చదివి, "ఇది చట్టంలో ఎలాగూ ఉందన్నారు కదమ్మా, మళ్లీ ఎందుకు?" అన్నారు. ఉన్నట్టు చాలామందికి తెలియదండీ అన్నాను. వేశారు.